మాది అంటే ఎవరిది?

మా ఆయన వృత్తి అడ్డం పడటం. కొత్తగా పరిచయమైనవాళ్ళు "మీవారు ఏం చేస్తుంటారు?" అని అడిగితే నేను ఇదే చెబుతాను. ఏదో ఆఫీసులో ఫైళ్ళు ఆపే ఉద్యోగం కాబోలనుకుని వాళ్ళు గౌరవంగా తల ఊపుతారు. తర్వాత ఫుట్‌బాల్ అని తెలిసి నోరు తెరుస్తారు. ఆ వెంటనే "ఎన్ని గోల్స్ వేశారు?" అని అడుగుతారు. వేయరండీ, వేయడానికి వచ్చినవాళ్ళకి అడ్డం పడతారు, అంతే. ఒకే ఒక్కసారి వేశారు, అదీ సొంత జట్టు మీద.

డిఫెండర్ ఉద్యోగంలో చిత్రం ఏమిటంటే, సరిగ్గా చేసినంతకాలం ఆ మనిషి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆట ఆసాంతం ఒళ్ళు హూనం చేసుకుని ఇంటికొస్తే మర్నాడు పేపర్లో ఆయన ఊసే ఉండదు. ఒక్కసారి కాలు జారితే మాత్రం మొదటి పేజీ. నేను కత్తిరించి దాచిన ఫొటోలన్నిటిలోనూ ముందు చేతులు చాపి నవ్వుతున్నది ఎవరో ఒకడు, వెనక అంచున మా ఆయన వీపో భుజమో ఉంటుంది. మా అత్తగారు వాటినే చుట్టాలకి చూపించి, "ఇదిగో, ఈ మోచెయ్యి మావాడిదే" అని మురిసిపోతారు.

ఆ మోచెయ్యి వెంట నేను ఇప్పటికి ఐదు దేశాలు తిరిగాను. ఒకచోట ఎప్పుడూ వాన. ఇంకోచోట గాలి, బట్టలు ఆరేస్తే పక్కింటివాళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఎక్కడికెళ్ళినా క్లబ్బువాళ్ళిచ్చే ఫ్లాటు మాత్రం ఒక్కటే: తెల్ల గోడలు, బూడిదరంగు సోఫా, ఎంత తిప్పినా వేడినీళ్ళు రాని ఒక కుళాయి. వంటింటి సొరుగు తెరిస్తే మాకంటే ముందు అక్కడున్న డిఫెండర్ తాలూకు మోకాలి పట్టీ, మూత పోయిన నొప్పుల మందు ట్యూబు ఉంటాయి. అతన్ని ఎందుకు పంపేశారో మేం అడగం. మా తర్వాత వచ్చేవాళ్ళ కోసం మేమూ ఒక పట్టీ వదిలేసి వెళతాం.

నా చదువు కళ్ళు పరీక్ష చేసి అద్దాలు ఇవ్వడం. ఈ సంగతి మా పెళ్ళిలో అందరికీ తెలుసు, ఆ తర్వాత క్రమంగా మరిచిపోయారు. ఆయన కాళ్ళకి ఏ దేశమూ పరీక్ష పెట్టలేదు. ఒక డాక్టరు మోకాలు అటూ ఇటూ తిప్పి, పొట్ట నొక్కి, భేష్ అంటాడు, సాయంత్రానికల్లా నంబరు వేసిన చొక్కా చేతికి వస్తుంది. నా చదువుకి మాత్రం ప్రతి దేశంలోనూ అ ఆ ల దగ్గర్నుంచి పరీక్షే. మనుషుల కళ్ళు దేశానికో రకంగా ఉంటాయని ఆ పరీక్షలు పెట్టేవాళ్ళ గట్టి నమ్మకం. రెండో దేశంలో పరీక్ష పాసై ఉద్యోగంలో చేరి, తెల్లకోటు కొలతలు ఇచ్చి వచ్చేసరికి ఆయన్ని అమ్మేశారు. అమ్మేశారన్నది నా వెటకారం కాదు, వాళ్ళు వాడే మాటే. మూడో దేశంలో పరీక్ష సగం రాసి మంచినీళ్ళ కోసం బయటికొస్తే "సామాన్లు సర్దు" అని ఆయన దగ్గర్నుంచి మెసేజ్ ఉంది. నాలుగో దేశంలో బుద్ధొచ్చి పరీక్షకి కట్టలేదు. నా ఖర్మ కాకపోతే అక్కడే అన్నిటికంటే ఎక్కువకాలం ఉన్నాం.

ఆయన్ని అమ్మేది పరాయివాడు కూడా కాదు, సొంత మేనమామ. మావయ్య పూర్వం పాత ఫ్రిజ్జులు బాగుచేసి అమ్మేవారు. మేనల్లుడు పైకొస్తున్నాడని తెలిసి ఫ్రిజ్జులు మానేసి ఏజెంటయ్యారు. ఆయన ఇప్పటిదాకా ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. అయినా మాటల్లో ఏ లోటూ లేదు. "మోకాలు ఒకే ఒక్కసారి రిపేరుకొచ్చిందండీ, కంపెనీ పార్టే వేశారు. చల్లటి దేశంలో వాడిన మనిషి, అరుగుదల తక్కువ" అని క్లబ్బువాళ్ళతో ఫోన్లో చెబుతుంటే నా చెవులతో విన్నాను. బేరం కుదరగానే మాకు ఫోన్ చేస్తారు. స్పీకర్ అవసరం లేదు, ఆయన గొంతే స్పీకర్.

"అల్లుడూ! బంగారంలాంటి క్లబ్బురా. మళ్ళీ రాదు. ఏమంటావు?"

మా ఆయన మితభాషి. ప్రతిసారీ ఒకే జవాబు: "మాకేం అభ్యంతరం లేదు మావయ్యా."

ఈ 'మాకు' అన్న ముక్క దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదుటి మనిషిని కలుపుకుని చెప్పాలంటే మనకి 'మన' ఉంది, బయట ఉంచి చెప్పాలంటే 'మా' ఉంది. మా ఆయన ఇంటికొచ్చి "మాకు కొత్త కోచ్ వచ్చాడు", "మా బస్సు చెడిపోయింది", "మేం గెలిచాం" అంటారు. ఆ 'మా'లో నేను లేను. ఉండక్కర్లేదు కూడా, ఆ బస్సుని నేను నెట్టలేదు కదా. కానీ అదే పెద్దమనిషి మావయ్యతో "మాకేం అభ్యంతరం లేదు" అన్నప్పుడు మాత్రం ఆ 'మా'లోకి నేనూ, మా అమ్మాయీ, కుక్కరూ, ఇస్త్రీపెట్టే, నా సగం రాసిన పరీక్షా అన్నీ వచ్చి చేరిపోతాయి. గెలిచినప్పుడు లేని చోటు, సామాన్లు సర్దాల్సి వచ్చేసరికి ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇన్నేళ్ళైనా అంతుపట్టలేదు.

మా అమ్మాయి పరిస్థితీ అంతే. దానికి ఐదు దేశాల భాషలూ కొద్దికొద్దిగా వచ్చు. ఐదింటిలోనూ తడుముకోకుండా చెప్పగలిగిన వాక్యం ఒక్కటే: "మేం వెళ్ళిపోతున్నాం." ఒక బళ్ళో చేరిన మొదటిరోజే టీచరు "నీ గురించి చెప్పు" అంటే ఆ వాక్యమే చెప్పిందట.

ఇక మా ఆయన భాషాసేవ గురించి చెప్పాలి. బంతి గాల్లోంచి వస్తున్నప్పుడు ఇద్దరు మనుషులు దాని కోసం వెళితే తలకాయలు పగులుతాయి, ఇద్దరూ ఆగితే గోల్ అయిపోతుంది. అందుకని ఎవరో ఒకరు 'నాది' అని అరవాలి. ఆయన మొదటి దేశంలో ఆ మాట వాళ్ళ భాషలో నేర్చుకున్నారు. రెండో దేశంలో మొదటి ఆటలోనే, అలవాటు కొద్దీ మొదటి దేశం మాటే అరిచారు. ఆ మాటకి రెండో దేశంలో "పుచ్చుకోండి" అని అర్థమట. అంత మర్యాదగా చెబితే ఎవరు మాత్రం కాదంటారు, పక్కనున్న సొంత జట్టువాడు పుచ్చుకోవడానికి ముందుకొచ్చాడు. ఇద్దరూ గుద్దుకున్నారు, బంతి గోల్లోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఆయన ఏ దేశంలో ఆడినా తెలుగులోనే అరుస్తారు: "నాది!" ఆయన నేర్చుకోవడం మానేసి, వాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. ఇవాళ నాలుగు దేశాల్లో, ఒక్క తెలుగు మాట మాత్రమే వచ్చిన బలిష్ఠులు బోలెడుమంది ఉన్నారు. ఆ మాట 'నాది' కావడం మన భాష దురదృష్టం.

ఆ అరుపుకో నియమం ఉంది. ఒకసారి భోజనాల దగ్గర మా అమ్మాయి అడిగితే, ఉప్పుసీసాని ఒకడిగా, చెంచాని ఇంకొకడిగా పెట్టి ఆయన చూపించారు.

"నాది అని ఒకరు అరిచాక, రెండోవాడు పక్కకి తప్పుకోవాలి తల్లీ. తప్పుకుని ఊరుకోకూడదు. వెనక్కెళ్ళి కాపు కాయాలి, మొదటివాడికి తప్పిపోతే అందుకోడానికి."

"తప్పుకోవాలో వద్దో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"తెలుసుకుంటూ కూర్చుంటే గోల్ అయిపోతుంది. చెవిన పడగానే కాళ్ళు వాటంతటవే జరగాలి. మెదడు దాకా వెళ్ళకూడదు."

చాలా సంగతులు ఆయనకి మెదడు దాకా వెళ్ళవని నాకు తెలుసు గానీ, ఇది వృత్తిధర్మం అని మాత్రం అప్పుడే తెలిసింది.

ఈ ఐదో దేశంలో నాకు మతి పోయి మళ్ళీ పరీక్షకి కట్టాను. మావయ్య ఫోన్ రాకముందే పాసయ్యాను. మా వీధి చివర ఒక చిన్న కళ్ళద్దాల షాపు ఉంది. ఒక పక్క చెప్పుల షాపు, ఇంకో పక్క మెట్లు. యజమాని పెద్దాయన. ఆయనకి ముక్కు మీదొక కళ్ళజోడు, నుదుటి మీదొకటి, మెడలో తాడుకి ఒకటి ఉంటాయి, అయినా నాలుగోదాని కోసం వెతుకుతుంటారు. నేను పరీక్ష గదిలో, ఆయన బయట ఫ్రేముల దగ్గర. గది ఇరుకు, కుర్చీని పైకెత్తే మీట బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని కాలితో ఒక్క తన్ను తంతే గానీ కదలదు. ఆ తన్ను నాకిప్పుడు బాగా అలవాటైంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఒక్కో అద్దం మారుస్తూ "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడుగుతూ పోతుంటే, ఒక అద్దం దగ్గర వాళ్ళ మొహం విచ్చుకుంటుంది. ఎదురుగోడ మీద అక్షరాలు కాదు, నా మొహం వైపే చూస్తారు. ఆ క్షణం కోసం నేను ఎన్ని పరీక్షలైనా రాస్తాను.

శీతాకాలం చివర్లో పెద్దాయన నన్ను కూర్చోబెట్టారు.

"నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానమ్మా. షాపు నువ్వు తీసుకో. వాయిదాల సంగతి తీరిగ్గా చూసుకుందాం. నువ్వు కాదంటే చెప్పులవాడికి ఇచ్చేస్తా. మధ్య గోడ కొట్టించి కలిపేసుకుంటానని చాలాకాలంగా ప్రాణం తీస్తున్నాడు. ఫుట్‌బాల్ సీజన్ అయిన మర్నాడు నాకు మాట చెప్పు. అప్పటికి మీ ఆయన సంగతి తేలుతుందిగా."

ఆ షాపు నాకు కావాలనిపించింది. పెళ్ళయ్యాక ఏ దేశంలోనూ, ఏ వస్తువు మీదా నాకు అంత కోరిక పుట్టలేదు. రోజూ షాపు మూసేటప్పుడు మధ్య గోడ మీద చెయ్యి వేసి చూసుకునేదాన్ని, ఉందో లేదో అని.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన సొరుగులోంచి కాగితాలు తీసి చూశారు.

"మా కాంట్రాక్టులో ఒక మాట ఉంది. పెద్ద లీగ్‌లో నిలబడితే నాకు ఇంకో రెండేళ్ళు ఇక్కడే. కిందకి పడిపోయామంటే నన్ను వదిలేస్తారు. మేం ఈ సీజన్ గట్టెక్కితే ఇక్కడే ఉంటాం, మీ షాపుకి ఏ ఇబ్బందీ లేదు."

ఇక్కడే ఉండే 'మేం' జట్టా, కుటుంబమా అని నేను అడగలేదు. 'మీ షాపు' అన్నందుకు కూడా ఊరుకున్నాను. నిలబడితే చాలు అనుకున్నాను. అప్పటిదాకా పాయింట్ల పట్టిక వైపు కన్నెత్తి చూడని నేను, పొద్దున్నే కాఫీ కంటే ముందు అదే చూడటం మొదలుపెట్టాను. చివరి మూడు జట్లూ చిన్న లీగ్‌లోకి పడిపోతాయి, మా జట్టు కింద నుంచి నాలుగోది. చూశారా, నేను కూడా మా జట్టు అంటున్నాను.

జట్టు రెండు ఆటలు వరసగా ఓడేసరికి క్లబ్బువాళ్ళకి కంగారు పుట్టింది. మంచి గోల్ వేసేవాణ్ణి తెచ్చుకోకుండా ఒక ఐక్యతా నిపుణుణ్ణి తెచ్చారు. బంతిని ఎప్పుడూ తాకని మనిషి, మెడలో ఈల కూడా లేదు. జట్ల మనసులు కలపడం ఆయన పనట. మొదటిరోజే కుటుంబాలతో సహా అందరినీ క్లబ్బు భోజనశాలలో గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక ఊలు ఉండ ఇచ్చి, ఒకరి మీదికి ఒకరు విసరమన్నారు. ఆ దారమే మన బంధం అన్నారు. గోల్‌కీపర్ చాలా పొడుగు మనిషి, మా అమ్మాయి అతనికి నిచ్చెన బాబాయి అని పేరు పెట్టింది. ఉండని ఎగిరి పట్టుకోబోయి ఆ బంధంలో రెండు కాళ్ళూ చిక్కుకుని పడ్డాడు. అతన్ని విడదీయడానికి కత్తెర తేవాల్సి వచ్చింది.

తర్వాత నిపుణుడు అడిగారు: "ఆటలో మీరంతా అరిచే మాట ఒకటుందట, ఏమిటది?"

"నాది!" అని వెనక వరస ఆటగాళ్ళందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఒకడు నాదీ అన్నాడు, ఒకడు నాడి అన్నాడు, నిచ్చెన బాబాయి మాత్రం మా అత్తగారంత స్పష్టంగా అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

దాని అర్థం తెలిశాక నిపుణుడు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "మీ జబ్బు ఇదే! స్వార్థం! జట్టులో నాది, నీది ఉంటాయా? ఈ క్షణం నుంచి ఆ మాట నిషేధం. అందరిదీ అని చెప్పడానికి ఆ భాషలో ఏమంటారు?"

మా ఆయన నా వైపు చూశారు. నోటితో చేసే పనులన్నీ మా ఇంట్లో నావే. నేను లేచాను.

"రెండున్నాయండీ. మనది అంటే మాట్లాడేవాడిదీ, వినేవాడిదీ కూడా. మాది అంటే మాట్లాడేవాడిదీ, వాడి తరఫువాళ్ళదీ. వినేవాడిది కాదు."

"వినేవాడంటే?"

"ఎదురుగా ఉన్నవాడు."

"మైదానంలో ఎదురుగా ఉండేది ప్రత్యర్థి. బంతి మాది, నీది కాదు అని వాడికి చెప్పాలి. అద్భుతం! మాది!"

"కానీ ఆ అరుపు గోల్‌కీపర్ కోసం కదండీ. అతనితో మాది అంటే, నీది కాదు అన్నట్టవుతుంది. అతనూ మాది అంటే..."

"రెండిట్లో ఏది పొట్టిది?"

"మాది."

"అయితే అదే" అని ఆయన చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, ఇంకేం చేస్తాను.

ఆ మాటని డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద తెలుగు అక్షరాల్లోనే రాయించాలని ఆయన ముచ్చటపడ్డారు. నేను కాగితం మీద రాసిస్తే పెయింటరు చూసి గోడంతా దించాడు. దించడంలో మొదటి అక్షరానికి దీర్ఘం పోయి 'మది' అయింది. మా ఆయన ఫొటో తెచ్చి చూపిస్తే, తప్పని కబురు చేశాను. అలా రాస్తే ఏమర్థం వస్తుందని నిపుణుడు అడిగించారు. మనసు అని చెప్పాను. ఇంకా మంచిది, అలాగే ఉంచండి అన్నారట.

ఆ తర్వాత ఆటలు నేను టీవీలో చూశాను. బంతి గాల్లోకి లేస్తుంది, నలుగురు నాలుగు వైపుల నుంచి "మాది!" అంటారు. అందరిదీ అయ్యాక ఎవరికి మాత్రం తొందర? బంతి కింద పడేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అవతలి జట్టువాడికి ఈ ఐక్యత అర్థంకాక, వచ్చి గోల్ వేసుకుపోయేవాడు.

"మీరు పాత మాటే అరవచ్చుగా" అని ఇంట్లో అడిగాను.

"కోచ్ ఊరుకోడు. మొన్న నిచ్చెన నోరుజారి నాది అన్నాడని బెంచీ మీద కూర్చోబెట్టారు."

"పోనీ మెల్లగా అనండి."

"మెల్లగా అంటే ఎవరికి వినిపిస్తుంది?"

ఇలా దిగజారి దిగజారి, లెక్క చివరి ఆటకొచ్చి ఆగింది. ఓడకుండా ఉంటే చాలు, సమానం చేసుకున్నా నిలబడతాం. ఆ రోజు నేనూ మా అమ్మాయీ స్టేడియానికి వెళ్ళాం. ఇన్నేళ్ళలో ఆయన ఆటని నేను దేవుడికి దండం పెట్టుకుంటూ చూడటం అదే మొదలు. ఎప్పుడూ దెబ్బ తగలకుండా చూడమని వేడుకునేదాన్ని. ఈసారి దెబ్బ తగిలినా పరవాలేదు, గోల్ కాకుండా చూడు స్వామీ అనుకున్నాను. నా మొక్కుకి నాకే సిగ్గేసింది, అయినా మార్చుకోలేదు.

మా ఆయన ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. అడ్డం పడ్డారు, పడి లేచారు, లేచి మళ్ళీ పడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అంటే బ్రహ్మాండంగా ఆడుతున్నారని అర్థం. చివరి నిమిషాల దాకా గోల్ లేదు. రిఫరీ చేతి గడియారం చూసుకున్నాడు. నేను మనసులో షాపు బోర్డుకి రంగు కూడా ఎంచుకున్నాను.

అప్పుడు పక్క నుంచి ఒక బంతి పైకి లేచింది. మెత్తగా, తీరిగ్గా, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండన్నట్టు వస్తోంది. దాని కిందే మా ఆయన ఉన్నారు. తల ఒంచితే చాలు, తగిలి బయటికి పోతుంది.

"మాది!" అన్నారు మా ఆయన.

"మాది!" అన్నాడు నిచ్చెన బాబాయి.

"మాది!" అన్నాడు అటు పక్కవాడు.

ముగ్గురూ ఆగారు. "నాది అనండీ! నాది అనండీ!" అని నేను కుర్చీ ఎక్కి గొంతు చించుకున్నాను. అంతమంది జనంలో నా గొంతు నా పక్కన కూర్చున్నవాడికే వినిపించింది, అతను భయపడి ఒక కుర్చీ అవతలికి జరిగాడు. బంతి ముగ్గురి మధ్యా నేల మీద ఒక గెంతు గెంతింది. అవతలి జట్టులో ఒక పొట్టివాడు క్షమించండన్నట్టు మధ్యలోంచి దూరి, దాన్ని కాలితో లోపలికి తోశాడు.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మనం వెళ్ళిపోతున్నామా?" అంది. మొదటిసారి 'మనం' అంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పేపర్లో ఆయన ఫొటో వచ్చింది. ఇన్నేళ్ళ ఆటలో మొదటిసారి వీపు కాదు, మోచెయ్యి కాదు, నిండు మొహం, మొదటి పేజీలో. పెదాలు బిగించి ఉన్నారు. 'మా' అనాలంటే పెదాలు మూయాలి కదా, అలా పడ్డారు. మా అత్తగారు ఫోన్ చేసి "ఓడితే ఓడారు గానీ ఫొటో బాగా వచ్చిందమ్మా" అన్నారు. నిపుణుడి ఇంటర్వ్యూ లోపలి పేజీలో ఉంది. జట్టు ఓడింది గానీ ఐక్యంగా ఓడింది అన్నారు. ఆయన్ని ఇంకా పెద్ద క్లబ్బు ఏదో తీసుకుందట.

నేను ఎప్పటిలాగే షాపుకి వెళ్ళాను. కాసేపటికి మా ఆయన వచ్చారు. ఇంటి ముందు విలేకరులున్నారు, ఎక్కడికెళ్ళాలో తెలియలేదన్నారు. పరీక్ష గదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడ్డారు. ఎదురుగోడ మీద అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నారు.

"నోటి దాకా వచ్చింది" అన్నారు.

"ఏమిటి?"

"నాది అని. నోటి దాకా వచ్చి ఆగిపోయింది."

తిడదామనుకుని ఆయన వెనకే గదిలోకి వచ్చినదాన్ని, తిట్టలేకపోయాను. "నాకూ ఇన్నేళ్ళుగా నోటి దాకానే వస్తోంది" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. చెప్పబోయేంతలో పెద్దాయన పిలిచారు.

బయట చెప్పుల షాపాయన టేపు పట్టుకుని మధ్య గోడ కొలుచుకుంటున్నాడు. మధ్యమధ్య వేలితో తట్టి, బోలుగా ఉందా లేదా అని చెవి పెట్టి వింటున్నాడు. రాత్రి ఆట అతనూ చూశాడు, అందుకే పొద్దున్నే వచ్చాడు. పెద్దాయన మూడు కళ్ళజోళ్ళలోంచీ నన్ను జాలిగా చూశారు.

"ఏమంటావమ్మా? మాట చెప్పు మరి."

అప్పుడే మా ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన పరీక్ష గది గుమ్మంలోకి వచ్చి, తలుపుకి అడ్డంగా నిలబడి ఎత్తారు. మావయ్య గొంతు షాపంతా నిండిపోయింది.

"అల్లుడూ! అదృష్టం అంటే నీదేరా! ఓడిపోవడమే మంచిదైంది. నిండు ఎండ ఉండే దేశం, మోకాలికి ఎండ మంచిది. పేపర్లో ఫొటో చూసి, మనిషి బావున్నాడు, పంపండి అన్నారు. ఎల్లుండే ప్రయాణం. ఏమంటావు?"

"మాకేం అభ్యం..."

"నాది!" అని అరిచాను.

అంత అరుపు నాలో ఉందని నాకే తెలియదు. స్టేడియంలో పోయిన గొంతు ఎక్కడి నుంచి తిరిగొచ్చిందో వచ్చింది. చెప్పుల షాపాయన చేతిలోంచి టేపు జారి, చుట్టలు చుట్టుకుంటూ డబ్బాలోకి వెళ్ళిపోయింది. పెద్దాయన నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి పడింది.

మా ఆయన గుమ్మంలో లేరు. నేను చూస్తుండగానే ఆయన కాళ్ళు పక్కకి తప్పుకున్నాయి. తప్పుకుని, నా వెనక్కి వచ్చి, మోకాళ్ళు కాస్త వంచి, చేతులు విడిగా పెట్టి నిలబడ్డాయి. మనిషి ఇంకా రాలేదు, మొహంలో ఏం జరిగిందో తెలియని అయోమయం అలాగే ఉంది. ఫోన్ మాత్రం చేతిలో ఉంది. అది మెదడు దాకా వెళ్ళలేదని నాకు అర్థమైంది. అందుకే వెళ్ళేలోపు చెప్పేశాను.

"షాపు నేను తీసుకుంటున్నా" అన్నాను పెద్దాయనతో. "ఇది నాది. నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు."

"ఒరేయ్, ఏమిటా కేకలు? ఎవరిది? ఏది?" అని మావయ్య ఫోన్లో గోల పెడుతున్నారు. "ఉన్నావా? టికెట్లు తీసుకోమంటావా? మీరేమంటారు?"

మా ఆయన ఫోన్ వైపు చూశారు, తన కాళ్ళ వైపు చూసుకున్నారు, తర్వాత నా వైపు. ఇప్పుడు మెదడు దాకా వెళ్ళింది. కళ్ళల్లో తెలిసింది. కళ్ళు చూసి చెప్పడం నా పని కాబట్టి చెబుతున్నాను, ఆయనకి కోపం రాలేదు.

"కుదరదు మావయ్యా" అన్నారు. "తను నాది అని అరిచేసింది. ఒకరు అరిచాక ఇంకొకరు వెళ్ళకూడదు."

"ఇదేం రూలురా?"

"ఆటలో మొట్టమొదటి రూలు. మీరు ఒక్క ఆటైనా చూసుంటే తెలిసేది" అని ఫోన్ పెట్టేశారు.

చెప్పుల షాపాయన టేపు తీసుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పెద్దాయన తాళంచెవి కోసం వెతకడం మొదలుపెట్టారు. అది ఆయన మెడలోనే ఉంది. అప్పటికే ఒక ముసలావిడ లోపలికొచ్చి నిలబడి ఉంది, చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయంది. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మీటని ఒక్క తన్ను తన్ని పైకెత్తాను.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నారు మా ఆయన, నా వెనక నుంచి.

"అలాగే వెనక నిలబడండి" అన్నాను, మొదటి అద్దం తుడుస్తూ. "వెలుతురుకి మాత్రం అడ్డం పడకండి."